అన్నభేది గుట్టను ఏం చేద్దాం? ఇనుప సల్ఫేటు వ్యర్థానికి ఉన్న దారులు, వాటిలో మీకు సరిపడేది

ఉక్కును ఆమ్లంలో కడిగే పిక్లింగ్ షెడ్డు వెనక్కి వెళ్తే మొదట కంటబడేది రంగు. నిన్న ట్యాంకు అడుగు నుంచి గీకి తీసిన గడ్డలు లేత ఆకుపచ్చగా, పటికబెల్లంలా మెరుస్తుంటాయి. ఎండకు పడున్న గడ్డల మీద తెల్లటి పొడి పట్టి ఉంటుంది. పోయిన వానాకాలం నాటివి తుప్పు రంగుకు తిరిగి, వాటి కింద నేల కూడా ఎర్రబడి గడ్డి మొలవకుండా పోతుంది. మూడూ మొదట ఒకే పదార్థం, ఫెర్రస్ సల్ఫేటు అనే ఇనుప సల్ఫేటు. ఎరువుల కొట్లో రైతు ‘అన్నభేది’ అని అడిగి కొనుక్కునేది ఇదే. ఒకచోట డబ్బిచ్చి కొంటున్నారు, ఇంకోచోట డబ్బిచ్చి పారబోయిస్తున్నారు. ఈ రెంటి మధ్య ఏముందో చూసి, ఏ యూనిట్‌కు ఏ దారి సరిపోతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు చిన్న లెక్క చూద్దాం. ఆకుపచ్చ స్ఫటికంలో ఒక ఫెర్రస్ సల్ఫేటుకు ఏడు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. టన్ను స్ఫటికంలో ఇనుము 201 కిలోలు. నీళ్ళు 453 కిలోలు. మిగిలింది సల్ఫేటు. అంటే లారీలో వేసి 200 కిలోమీటర్లు పంపితే కిరాయిలో దాదాపు సగం నీళ్ళ మోతకే పోతుంది. ఈ ఒక్క అంకె చాలా పథకాల్ని మొదట్లోనే పక్కన పెట్టిస్తుంది.

ఈ వ్యర్థం ప్రధానంగా రెండు చోట్ల పుడుతుంది. ఉక్కు తీగలు, గొట్టాలు, రేకుల మీద పొలుసును గంధకామ్లంలో కడిగినప్పుడు ఇనుము కరిగి ఆమ్లంలో చేరుతుంది. అది మొదటిది. రెండోది తెల్ల పెయింటుకు కావలసిన టైటానియం డయాక్సైడ్ తయారీ. ఇల్మనైట్ ఇసుకను గంధకామ్లంలో ఉడికించే పద్ధతిలో, ఖనిజాన్ని బట్టి టన్ను తెల్లపొడికి మూడు నాలుగు టన్నుల అన్నభేది వస్తుంది. తిరువనంతపురంలోని ట్రావన్‌కోర్ టైటానియం ఈ పద్ధతిలో నడిచేదే. అదే కేరళలో చవరలోని కేఎంఎంఎల్ కర్మాగారం గంధకామ్లం అక్కర్లేని క్లోరైడ్ పద్ధతి వాడుతుంది కాబట్టి అక్కడ ఈ గుట్ట పుట్టదు. మన శ్రీకాకుళం తీరపు ఇసుకలోనూ ఇల్మనైట్ ఉంది. రేపు దాన్ని ఏ పద్ధతిలో శుద్ధి చేస్తారన్న ప్రశ్నలో ఈ గుట్ట కూడా ఇమిడి ఉంది.

ఏ దారి ఎంచుకోవాలన్నా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇనుము సంగతి సరే, సల్ఫేటు ఎక్కడికి పోతుంది? అమ్మకానికి వచ్చే ప్రతివాళ్ళూ ఇనుముతో ఏం చేయవచ్చో చెబుతారు. రంగు చేయవచ్చు, బ్యాటరీ పొడి చేయవచ్చు, నీళ్ళ మందు చేయవచ్చు. సల్ఫేటు గురించి ఎవరూ మాట్లాడరు. అది మాయమైపోదు. బురదలోకో, ఉప్పు నీళ్ళలోకో, పొగలోకో చేరుతుంది. దానికీ ఒక చోటు చూపించిన దారే అసలైన పునర్వినియోగం.

సున్నం కొట్టడం

ఇప్పుడు ఎక్కువమంది చేస్తున్నది ఇదే కాబట్టి మిగతావాటిని దీంతోనే పోల్చాలి. వాడేసిన ఆమ్లంలో సున్నం కలిపి, గాలి కొట్టి, ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, కేకును ప్రమాదకర వ్యర్థాల్ని పూడ్చే కేంద్రాలున్న దుండిగల్‌కో పరవాడకో పంపుతారు. లెక్క వేసి చూడండి. టన్ను అన్నభేదికి 266 కిలోల స్వచ్ఛమైన తడి సున్నం కావాలి. చివరికి జిప్సం, ఇనుప హైడ్రాక్సైడు కలిసి ఎండు బరువులోనే ఒక టన్ను తేలుతుంది. ప్రెస్ నుంచి వచ్చే కేకులో సగం నీళ్ళుంటాయి కాబట్టి లారీ ఎక్కేది రెండు టన్నులు. ఒక టన్నును వదిలించుకోబోయి రెండు టన్నులు నెత్తికెత్తుకోవడం, పైగా సున్నం ఖర్చు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఇంకో దారి లేనంత మలినమైన సరుకుకే దీన్ని అట్టిపెట్టుకోవాలి.

చల్లార్చి స్ఫటికం తీయడం

చిన్న, మధ్యతరహా పిక్లింగ్ యూనిట్లకు నేను మొదట చెప్పేది ఇదే. దీని వెనకున్న సూత్రం వంటింట్లో పాకం చల్లారితే పంచదార పేరుకోవడం లాంటిదే. 50 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళు సుమారు 48 గ్రాముల ఫెర్రస్ సల్ఫేటును కరిగించి ఉంచుతాయి, స్ఫటికపు నీటిని లెక్కలోకి తీసుకోకుండా. సున్నా డిగ్రీలకు దించితే 16 గ్రాములకు మించి నిలవదు. ఆమ్లం ఉన్న ద్రవంలో ఇంకా తక్కువ. కాబట్టి వేడి పిక్లింగ్ ద్రవాన్ని 5, 10 డిగ్రీలకు చల్లారిస్తే అన్నభేది కిందకు దిగుతుంది, పైన మిగిలిన ఆమ్లం మళ్ళీ ట్యాంకులోకి వెళ్తుంది. సున్నంతో చంపేయాల్సిన ఆమ్లం చేతిలో మిగలడం ఇక్కడ అసలు లాభం. స్ఫటికం అమ్ముడుపోతే అది అదనం.

మన ఎండల్లో ఊరికే తొట్టెలో వదిలేస్తే ఆ చల్లదనం రాదు. మే నెలలో రాత్రి కూడా 28, 30 డిగ్రీలుండే చోట చిల్లర్ తప్పదు, కరెంటు ఖర్చూ తప్పదు. రెండో జాగ్రత్త, స్ఫటికాల్ని గిర్రున తిప్పి ద్రవం పిండే సెంట్రిఫ్యూజ్ దగ్గర. స్ఫటికాల మధ్య ఇరుక్కున్న ఆమ్లాన్ని కాసిని చల్లటి నీళ్ళతో కడిగి తిప్పేయకపోతే నెల తిరక్కుండా బస్తా కుట్లు చివికి, సరుకు నేల మీద పోసినట్టవుతుంది. ఆరబెట్టేటప్పుడు వేడి గాలి పెట్టకూడదు. 60 డిగ్రీలు దాటితే స్ఫటికం తన నీటిలో తానే కరిగి ముద్దవుతుంది.

ఇక్కడితో పని సగమే అయింది. స్ఫటికం చేతికొచ్చాక అది ఎవరికి, అన్నది తర్వాతి ప్రశ్న.

రైతుకు

వేరుశెనగలో ఆకులు తెల్లగా పాలిపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లమని మన దగ్గర చెబుతారు. సున్నపు నేలల్లో మట్టిలో వేస్తే ఇనుము త్వరగా ఫెర్రిక్‌గా, అంటే తుప్పులో ఉండే రూపానికి మారి మొక్కకు అందకుండా పోతుంది కాబట్టి ఆకుల మీద పిచికారీయే మేలు. గిరాకీ ఉన్నమాట నిజం, కానీ ఎకరాకు కిలో చొప్పున. రోజుకు రెండు టన్నులు తీసే యూనిట్ సరుకు ఒక మండలం మొత్తం వాడినా తరగదు. ఇది సీజన్ సరుకు, నిల్వ ఉంచాలి.

నాణ్యత సంగతి ఇంకా ముఖ్యం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫెర్రస్ ఇనుము కనీసం 19 శాతం ఉండాలి. పూర్తి శుద్ధమైన స్ఫటికంలోనే ఉండేది 20.1. అంటే పద్దెనిమిదో వంతు తుప్పుపట్టినా, కాస్త ఎక్కువ తడి ఉన్నా సరుకు తప్పినట్టే. సీసానికి కూడా గట్టి హద్దు ఉంది.

ఆ సీసం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒక వైర్ డ్రాయింగ్ యూనిట్‌లో స్ఫటికాలు చూశాను. అంత అందమైన ఆకుపచ్చ గడ్డలు అరుదు. రైతులకు అమ్ముదామని యజమాని బస్తాలు కూడా అచ్చు వేయించాడు. షెడ్డులో నాలుగడుగులు వెనక్కి వేస్తే కరిగిన సీసం తొట్టె ఉంది. తీగ గట్టిదనం కోసం అందులోంచి తీసి, తర్వాత ఆమ్లంలో ముంచుతున్నారు. తీగ వెంట అంటుకొచ్చిన సీసం ట్యాంకులోకి చేరుతోంది. అది కంటికి కనిపించదు, రంగు మార్చదు. బస్తాలు వద్దన్నాను. ఆయనకు కోపం వచ్చింది, నాకు బాధ కలిగింది. పొలంలో పడిన సీసం మళ్ళీ తీయడానికి ఉండదు. సీసంలో ముంచిన తీగ కడిగే యూనిట్, స్టెయిన్‌లెస్ కడిగే యూనిట్, గాల్వనైజింగ్‌లో పాత జింకు పూతను అదే తొట్టెలో ఊడదీసే యూనిట్ రైతు దారిని మరిచిపోవాలి. పశువుల దాణాకూ మాత్రలకూ కావలసిన ఫెర్రస్ సల్ఫేటైతే ఇలాంటి వ్యర్థం నుంచి ఆలోచించనే కూడదు.

నీటి శుద్ధికి

పరిమాణం దృష్ట్యా ఎక్కువ సరుకు పట్టే దారి ఇది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో విక్కిన్మాకి మురుగు శుద్ధి కేంద్రం ఫాస్ఫరస్‌ను పట్టడానికి ఫెర్రస్ సల్ఫేటునే వాడుతుంది. గాలి కొట్టే తొట్టెల్లోనే అది ఫెర్రిక్‌గా మారి పని చేస్తుంది కాబట్టి విడిగా ఆక్సీకరణ చేయక్కర్లేదు. అద్దకపు నీళ్ళలో రంగు తీయడానికి మన దేశంలో చాలా చోట్ల ఫెర్రస్ సల్ఫేటు, సున్నం జంటగా వాడతారు. ఫార్మా వ్యర్థజలాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి, పీహెచ్ 3 దగ్గర మొండి పదార్థాల్ని విరగ్గొట్టే ఫెంటన్ పద్ధతిలోనూ ఇదే కావాలి.

కానీ నా ప్రశ్న మళ్ళీ అడుగుతాను. నీళ్ళు మున్సిపల్ మురుగైతే కొద్ది మోతాదు సల్ఫేటు నీటితో పాటు పోతుంది, పెద్ద ఇబ్బంది లేదు. కొనేవాళ్ళది బొట్టు నీరు బయటికి వదలకూడదనే జీరో డిశ్చార్జి యూనిట్ అయితే, మీరిచ్చిన సల్ఫేటు నీళ్ళను ఆవిరి చేసే వాళ్ళ ఎవాపరేటర్‌లో ఉప్పుగా పేరుకుని చివరికి అదే దుండిగల్ చేరుతుంది. మీ వ్యర్థం ఇల్లు మారిందంతే. అలాంటి కొనుగోలుదారు ఒక ఏడాది కొని మానేస్తాడు. ఆ మాట ముందే మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది.

బయోగ్యాస్ వాళ్ళు అడిగితే మాత్రం ఇవ్వకండి. గ్యాసులో కుళ్ళు గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఇనుము పట్టుకుంటుందన్నది నిజమే. అయితే గాలి లేని ఆ తొట్టెలో సల్ఫేటు కూడా సల్ఫైడుగా మారుతుంది. మీ సరుకులో ఉన్న ఇనుము, తన వెంట తెచ్చుకున్న గంధకాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది. అక్కడ ఐరన్ క్లోరైడ్ కావాలి.

క్రోమియం పని వేరు. ఎలక్ట్రోప్లేటింగ్ నీళ్ళలోని విషపూరితమైన ఆరో రకం క్రోమియంను మూడో రకానికి దించడానికి అన్నభేది బాగా పనిచేస్తుంది. కిలో క్రోమియానికి 16 కిలోలు కావాలి. బురద ఎక్కువే వస్తుంది. ఆ బురద ఎలాగూ ప్రమాదకర వ్యర్థం కిందే పోవాలి కాబట్టి, సీసం ఆనవాళ్ళున్న సరుకును ఆ యూనిట్‌తో, కాలుష్య నియంత్రణ మండలితో చెప్పి ఇక్కడ వాడటం నాకు సబబుగా తోస్తుంది. యూరప్‌లో సిమెంటులో కరిగే ఆరో రకం క్రోమియం కిలోకు 2 మిల్లీగ్రాములు మించకూడదని 2005 నుంచి నియమం ఉంది. అక్కడి సిమెంటు మిల్లులు ఇందుకోసం ఫెర్రస్ సల్ఫేటును కొంటాయి.

రంగు పొడి

ఐరన్ ఆక్సైడ్ రంగులంటే అందరికీ ఆశ. పేవర్ టైల్స్‌లో, ప్రైమర్‌లో, గచ్చులో ఎరుపు, పసుపు, నలుపు అన్నీ ఇనుమే. ఎర్ర రంగుకు అన్నభేదిలోని నీటిని ముందు తరిమి, 700 డిగ్రీలకు అటూ ఇటూ కాల్చాలి. వచ్చే ఎరుపు నిజంగా బాగుంటుంది. కంసాలులు నగకు మెరుగుపెట్టే ఎర్రపొడిని పూర్వం ఇలాగే చేసేవారు. అయితే టన్ను అన్నభేది నుంచి ఎర్రపొడి 287 కిలోలే వస్తుంది. గంధకపు ఆక్సైడ్లు పొగగా లేస్తాయి. వాటిని పట్టి ఆమ్లంగా మార్చే ఏర్పాటు లేకుండా ఈ కొలిమి వెలిగించడమంటే చుట్టుపక్కల ఊరి ఊపిరితిత్తులతో ఆడుకోవడం. చిన్న యూనిట్లు ఈ దారి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

పసుపు రంగుకు పెన్నిమన్ పద్ధతి ఉంది. ఫెర్రస్ సల్ఫేటు ద్రావణంలో తుక్కు ఇనుము వేసి, 80 డిగ్రీల దగ్గర రోజుల తరబడి గాలి ఊదుతారు. పసుపు గింజలు మెల్లగా పెరుగుతాయి. వినడానికి మన వ్యర్థానికి సరిగ్గా అతికినట్టుంటుంది, ఇక్కడే చాలామంది పొరబడతారు. గాలి తగిలి ఫెర్రస్ సల్ఫేటు పసుపు ఆక్సైడుగా మారినప్పుడు గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం తుక్కును కరిగించి మళ్ళీ ఫెర్రస్ సల్ఫేటు చేస్తుంది. అంటే రంగులోకి చేరే ఇనుము తుక్కుది, సల్ఫేటు తిరిగి తిరిగి పనిచేసే మేస్త్రీ మాత్రమే. మొదట ఒకసారి నింపితే చాలు, రోజూ కొనరు. మీ గుట్ట అక్కడ తరగదు. తుక్కు బదులు కాస్టిక్ సోడాతో రంగు దించితే గుట్ట తరుగుతుంది గానీ తొట్టెల నిండా సోడియం సల్ఫేటు నీళ్ళు మిగులుతాయి. ఆ నీళ్ళను ఎండబెట్టి ఉప్పు అమ్ముకునే ఏర్పాటు ఉంటేనే లెక్క కుదురుతుంది.

తిరిగి ఆమ్లంగా

అన్నభేదిని కాల్చి గంధకామ్లం చేయడం కొత్తేమీ కాదు, యూరప్‌లో ఒకప్పుడు ఆమ్లం పుట్టిందే అలా. టన్నుకు 353 కిలోల ఆమ్లం, 287 కిలోల ఇనుప ఆక్సైడు. సల్ఫేటుకు పూర్తి న్యాయం చేసే దారి ఇది. కానీ కాలడానికి వేడి తాగుతుంది కాబట్టి పైరైటు, గంధకం లాంటి ఇంధనంతో కలిపి, కింద నుంచి గాలి ఊది పొడిని తేలించే ఫ్లూయిడైజ్డ్ బెడ్ కొలిమిలో కాల్చాలి. పక్కనే పెద్ద ఆమ్లం ప్లాంటు ఉండాలి. టైటానియం కర్మాగారాల స్థాయికే ఇది తగుతుంది. వాళ్ళు ఇష్టపడి ఇటు రాలేదు. 1970ల మొదట్లో ఇటలీలోని స్కార్లినో కర్మాగారం తన వ్యర్థాల్ని కోర్సికా వైపు సముద్రంలో పోస్తే జాలర్లు తిరగబడ్డారు. 1978లో యూరప్ ఈ పరిశ్రమ వ్యర్థాలకే ప్రత్యేకంగా ఆదేశం తెచ్చింది. ఉత్తర సముద్రంలో పలుచటి ఆమ్లం పారబోయడాన్ని జర్మనీ 1989లో ఆపింది. ఆ ఒత్తిడి లేకపోతే ఈ కొలుములు పెద్దవయ్యేవి కావు.

బ్యాటరీ పొడి

ఇప్పుడు అందరూ అడుగుతున్నది ఇదే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ముందుగా ఐరన్ ఫాస్ఫేట్ కావాలి. టన్నుకు 1.84 టన్నుల అన్నభేది పడుతుంది. చైనాలో టైటానియం కంపెనీలు తమ గుట్టల్ని చూసుకునే ఈ రంగంలోకి దిగాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఈ బ్యాటరీ పొడి మీద పనిచేసింది, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ కర్మాగారం వస్తోంది. కాబట్టి ఆసక్తి సహజం. అమోనియాతో చేస్తే సల్ఫేటుకూ చోటు దొరుకుతుంది. టన్ను ఐరన్ ఫాస్ఫేటుకు సుమారు 0.88 టన్నుల అమ్మోనియం సల్ఫేటు ఎరువు వస్తుంది. అందుకే ఈ దారి నాకు ఇష్టం.

ఇష్టం వేరు, సలహా వేరు. టైటానియం, మాంగనీసు, మెగ్నీషియం, కాల్షియం, జింకు ప్రతిదీ అతి తక్కువకు దించాలి. ప్రతి బ్యాచ్ ముందటి బ్యాచ్‌లాగే ఉండాలి. పిక్లింగ్ తొట్టెలో సోమవారం ఒక కంపెనీ తీగ, గురువారం ఇంకో కంపెనీ తీగ పడుతుంటే అది సాధ్యపడదు. పైగా ఆమ్లం ఉక్కును అతిగా తినకుండా ఆపే ఇన్హిబిటర్ అనే సేంద్రియ మందు కూడా అందులో ఉంటుంది. ఏడాదంతా ఒకే ఖనిజంతో వేల టన్నులు తీసే చోటికే ఇది సరిపోతుంది. చిన్న యూనిట్ చేయగలిగింది, ఇలాంటి శుద్ధి కేంద్రం దగ్గర్లో వస్తే దానికి స్ఫటికం అందించడం.

మరి మీరేం చేయాలి

రోజుకు టన్ను రెండు టన్నులు తీసే మామూలు కార్బన్ స్టీల్ యూనిట్ అయితే చిల్లర్, సెంట్రిఫ్యూజ్ పెట్టుకోండి. ఆమ్లం తిరిగి వాడండి. స్ఫటికాన్ని వంద కిలోమీటర్ల లోపు నీటి శుద్ధికి ఇవ్వండి, అందులో బాగా శుద్ధమైన భాగాన్నే పరీక్షించి ఎరువుల లైసెన్సు ఉన్నవాళ్ళకు ఇవ్వండి. సీసం, నికెల్, క్రోమియం ఆనవాళ్ళున్న యూనిట్ అయితే పారిశ్రామిక నీటి శుద్ధి, అదీ కాకపోతే సున్నం. టైటానియం స్థాయి అయితే కాల్చి ఆమ్లం చేయడం, బ్యాటరీ దారి రెండూ పక్కపక్కన లెక్క వేయండి.

పాత తుప్పు గుట్ట ఉన్నవాళ్ళకూ దారి ఉంది. వాడేసిన పిక్లింగ్ ఆమ్లంలో దాన్ని కరిగించి, శుభ్రమైన తుక్కు ఇనుము వేస్తే ఫెర్రిక్ మళ్ళీ ఫెర్రస్ అవుతుంది, మిగిలిన ఆమ్లమూ ఖర్చవుతుంది. అప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. మూత బిగించిన ట్యాంకులో చేయవద్దు, దగ్గర వెల్డింగ్ పెట్టవద్దు, రాత్రి షిఫ్టులో ఒంటరి మనిషికి అప్పజెప్పవద్దు.

ఏ దారైనా కాగితం ముందు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో 9వ నియమం ప్రకారం, తీసుకునేవాళ్ళకు దాన్ని ముడిసరుకుగా వాడే అనుమతి కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఉండాలి, లారీ వెంట రవాణా పత్రం, అంటే ఫారం 10 ఉండాలి. నోటిమాట మీద ట్యాంకర్ పంపితే, అది ఎక్కడో చెరువు గట్టున విప్పేసిన రోజు బయటికొచ్చేది మీ పేరే.

ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. మీ గుట్టలో మూడు రంగుల దగ్గర మూడు నమూనాలు తీయండి. ఒక్కోటి సరిగ్గా గ్రాము తూచి, పలుచటి గంధకామ్లంలో కరిగించి, 0.1 నార్మల్ గాఢత ఉన్న పొటాషియం పర్మాంగనేటు ద్రావణాన్ని బ్యూరెట్ (కొలత గీతల గాజు గొట్టం) నుంచి చుక్కచుక్కగా వదలండి. ఊదా చుక్క పడ్డచోటే మాయమవుతూ ఉంటుంది. ఎప్పుడు లేత గులాబీ నిలిచిపోతుందో అక్కడ ఆపి అంకె చూడండి. శుద్ధమైన ఆకుపచ్చ స్ఫటికం 36 మిల్లీలీటర్లు తాగుతుంది. 34 దాటకపోతే 19 శాతం లేనట్టే. తెల్లపొడి తన నీళ్ళు వదిలేసుకుంది కాబట్టి 36 మించి తాగినా కంగారు పడకండి. తుప్పు రంగుది ఎంత తక్కువ తాగితే, ఆ గుట్ట అన్ని వానలు తిన్నట్టు. సీసం, జింకు, నికెల్ కోసం అదే మూడు నమూనాల్ని ల్యాబ్‌కు పంపి, ఆ కాగితం వచ్చాకే కొనేవాళ్ళకు ఫోన్ చేయండి.